ఆ పేరు వెనక గది

కిందటి వారం ఒక డాక్టరు గారి క్లినిక్‌కు పని మీద వెళ్లాను. తెలుగువారే, సూరత్‌కు కొత్త. ఇంటర్నెట్‌లో క్లినిక్ కోసం ఒక పేరు నమోదు చేయించుకున్నారు. వెబ్‌సైటు మాత్రం వేరే చోట అద్దెకు పెట్టించారు. పేరు ఒక దగ్గర, సైటు ఒక దగ్గర. పేరు కొడితే ఏదీ తెరుచుకోవడం లేదు. ఆ పేరును ఆ సైటు వైపు తిప్పి పెట్టడమే నా పని. కంప్యూటరు ముందు కూర్చుని అంకెలు సరిచూసుకుంటూ ఉండగా, పక్కన నర్సు ఎవరికో ఇంజెక్షను ఇవ్వడానికి స్పిరిట్ సీసా మూత తీసింది. చల్లగా గుచ్చుకునే ఆ వాసన ముక్కుకు తగలగానే నా వేళ్లు ఆగిపోయాయి. చెవి పక్కన ఎవరో మెల్లగా “మాట్లాడుతున్నారా?” అని అడిగినట్టయింది. వెనక్కి తిరిగి చూశాను. తెల్లగోడ ఉంది. ఎవరూ లేరు.

అది అనసూయమ్మ గారి వాసన. సూరత్ లింబాయత్ పేటలో మా సందు మొత్తానికీ ఆమె ఫోనమ్మ. కాకినాడ వైపు మనిషి. టెలిఫోన్ శాఖలో ఆపరేటరుగా చేరి, బదిలీ మీద సూరత్ వచ్చి, ఇక్కడే రిటైరయ్యారు. సర్కారు క్వార్టర్సు ఖాళీ చేశాక సొంత ఊరికి వెళ్లకుండా మా సందు చివర మేడ మీద రెండు గదులు తీసుకున్నారు. ఎందుకమ్మా అని ఎవరైనా అడిగితే, “ఇక్కడ మగ్గాల చప్పుడు ఆగదు. నిశ్శబ్దంగా ఉంటే నాకు లైన్ తెగినట్టుంటుంది” అనేవారు. ఎక్స్ఛేంజిలో షిఫ్టు మారినప్పుడల్లా ఒకరి చెవికున్న హెడ్‌ఫోను తీసి ఇంకొకరు పెట్టుకోవాలి కాబట్టి, స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి పెట్టుకోవడం వాళ్లకు అలవాటట. ఆ అలవాటు ఆమెను వదల్లేదు. ఫోను తుడిచేవారు, కీబోర్డు తుడిచేవారు, చివరికి తలుపు గొళ్లెం కూడా తుడిచేవారు. ఆమె మెట్లెక్కుతుంటే ఆస్పత్రికి వెళుతున్నట్టే ఉండేది.

నేను పదో తరగతి దాటలేదు. రింగ్ రోడ్ మార్కెట్ నుంచి వచ్చే చీరలకు ఇంట్లో కూర్చుని రాళ్లు అతికించేదాన్ని. ఒక అంచుకు ఎన్ని రాళ్లు పడతాయి, ఒక పొట్లం ఎన్ని అంచులకు సరిపోతుంది, చివర ఎన్ని మిగులుతాయి అనేది చూపుతోనే చెప్పగలిగేదాన్ని. ఎవరూ నేర్పలేదు. చేతి పనిలోంచే లెక్క వచ్చింది. సందులో ఎవరికి ఏ లెక్క తెగకపోయినా “భాగ్యక్కనడుగు” అనేవాళ్లు. ఆ మాట మేడ మీదికి ఎక్కినట్టుంది, ఒకరోజు ఫోనమ్మ గారు పిలిపించారు.

“ఏమ్మా భాగ్యా, నీకు అంకెలు ఒకసారి వింటే గుర్తుండిపోతాయట?”

“వింటె ఉండయమ్మా. వేలితోటి తాకాలె. తాకినదే యాదికుంటది.”

ఆమె నవ్వారు. “అయితే మా ఆపరేటర్ల జాతిదానివే. మేమూ చెవితో కాదు, వేళ్లతోనే గుర్తుపెట్టుకునేవాళ్లం. రా, కూర్చో. చేతులు తుడుచుకో ముందు.”

ఆమె గదిలో ఒక పాత కంప్యూటరు పగలూ రాత్రీ నడుస్తూ ఉండేది. అందులో ఆమె ఒక వెబ్‌సైటు పెట్టారు. పేరులో ‘జాడ’ అనే మాట ఉంది. పూర్తి పేరు ఇక్కడ రాయను. సూరత్‌కు పనికి వచ్చి తమవాళ్ల ఆచూకీ పోగొట్టుకున్న తెలుగువాళ్ల కోసం పెట్టింది అది. ఎవరు ఎవరిని వెతుకుతున్నారు, ఇప్పుడు ఎక్కడ ఉన్నారు, ఏ నంబరుకు ఫోను చేయాలి, అంతే ఉండేది. వెనకటి రోజుల్లో మగ్గం పనివాళ్లు ఎక్స్ఛేంజికి వచ్చి, నంబరు తెలియక ఊరి పేరు, మనిషి పేరు చెప్పి కలపమని బతిమాలేవారట. ఇప్పుడు చేతిచేతికీ ఫోను ఉన్నా, ఆ ఫోను పోతే మనిషీ పోయినట్టే అవుతోందని ఆమె బాధ. నంబర్లు మారిపోతాయి, ఇళ్లు మారిపోతాయి, ఒక్క పేరైనా మారకుండా ఉండాలి అనేవారు. ఆ కంప్యూటరుకు టెలిఫోను వాళ్ల దగ్గర ఒక స్థిరమైన నంబరు తీసుకున్నారు. అంకెల గుంపులు నాలుగు, మధ్యలో చుక్కలు. నేను నమోదైన పేర్ల పని నేర్చుకున్నది ఆ నంబరు మీదే.

“మనిషి పేరు పెట్టి పిలుస్తాడు. యంత్రానికి పేరు తెలీదు, నంబరే తెలుసు. ఈ పేరు ఎవరైనా అడిగితే ఈ నంబరుకు కలుపు అని మధ్యలో ఒకరు చెప్పాలి. ఇదివరకు నేను చెప్పేదాన్ని. ఇప్పుడు తెర మీది ఈ వరస చెబుతోంది. చూడు, ఇటు పేరు, అటు నంబరు.”

“గంతేనా అమ్మా?”

“గంతే” అని నన్ను అనుకరించి, వెంటనే గంభీరంగా అన్నారు. “కానీ నువ్వు నంబరు మార్చగానే లోకమంతా మారదు. కొత్త డైరెక్టరీ అచ్చయ్యాక కూడా పాతది చూసి ఫోను చేసేవాళ్లు ఉంటారే, అలాగ. దారిలో ప్రతివాడూ పాత నంబరును కొంతసేపు గుర్తుపెట్టుకుంటాడు. ఎంతసేపు అనేది కూడా ఈ వరసలోనే రాసి ఉంటుంది. మార్చబోయే ముందు ఆ గడువు తగ్గించుకోవాలి. అప్పటికీ కొందరు మొండివాళ్లు పాత ఇంటికే వెళతారు. ఆ మధ్యకాలంలో ఒకే పేరుకు రెండు ఇళ్లు ఉంటాయి.”

ఎందుకో ఆ మాట నాకు నచ్చలేదు. ఒకే పేరుకు రెండు ఇళ్లు. చదువుకునే విషయంలా కాక, మనిషికి జరిగే విషయంలా వినిపించింది.

ఆమె చెప్పిన ఇంకో సంగతి అంతకంటే లోపలికి దిగింది. ఎక్స్ఛేంజిలో ఒక పనివాడు తరచూ వచ్చి కరీంనగర్ వైపు ఒక పల్లె పోస్టాఫీసుకు లైను కలిపించుకునేవాడట. కలిపాక అటు మాట ఉండదు, ఇటు మాట ఉండదు. ఆపరేటరు మధ్యలో చెవి పెట్టి “మాట్లాడుతున్నారా?” అని అడగాలి, జవాబు లేకపోతే తీగ లాగేయాలి, అది పద్ధతి. ఈమె అడిగారు. జవాబు లేదు. ఇంకోసారి అడిగి, తీగ మీద చెయ్యి వేశారట. అప్పుడు ఇటువైపు నుంచి ఆ మనిషి, “జర ఆగమ్మా. మా అవ్వకు మాట వడిపోయింది. ఊపిరి ఇంటున్న” అన్నాడట.

“అప్పటినుంచి నేను ఖాళీ లైను అనే మాట అనలేదే భాగ్యా” అన్నారు ఫోనమ్మ గారు, దూదిని నలుపుతూ. “మాట లేదంటే మనిషి లేడని కాదు. ఏ తీగ లాగినా ముందు అడుగు. అడిగాక ఆగు. తర్వాతే లాగు.”

దుకాణాల వాళ్లకు పేరు తిప్పే పని చేసిపెట్టే ప్రతిసారీ ఆమె కంప్యూటరు ముందు వంగి, నిజంగానే “మాట్లాడుతున్నారా?” అని అడిగి, కొంచెం ఆగి, అప్పుడు మార్చేవారు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత నేనూ ఊపిరి బిగబట్టి వినేదాన్ని.

మా పక్కింట్లో మల్లేశం, రేణుక ఉండేవారు. మల్లేశం మగ్గం నడిపేవాడు. ఒకనాడు కుడిచేయి బెల్టులో పడి రెండు వేళ్లు పోయాయి. అప్పటినుంచి ఆ చేతిని ఎడమ చంకలో దాచుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. మగ్గం దగ్గరికి రానివ్వలేదు, ఇంట్లో ఊరికే కూర్చోలేకపోయాడు. రోజూ గొడవ. చివరికి రేణుక నోటి వెంట ఒక మాట వచ్చింది: “నువ్వున్నా ఒకటే, లేకున్నా ఒకటే.” పల్చటి గోడ, నాకూ వినబడింది. మర్నాడు మల్లేశం సంచి సర్దుకున్నాడు. వెళ్లేముందు ఫోనమ్మ గారి మేడ ఎక్కాడు. నేను అక్కడే ఉన్నాను.

“ఫోను పోవచ్చు, నంబరు మర్చిపోవచ్చు” అన్నారు ఆమె. “ఈ పేరు మాత్రం మర్చిపోకు. ఎక్కడున్నా సరే ఈ పేరు కొట్టు. నీకోసం ఎవరైనా వెతుకుతుంటే అందులో ఉంటుంది.”

“నాకోసం ఎవలు వెతుకుతరమ్మా” అన్నాడు మల్లేశం. అయినా ఆ పేరును రెండుసార్లు పైకి చెప్పి అప్పజెప్పాడు.

కొన్నాళ్లకు అతని ఫోను పలకడం మానేసింది. రేణుకకు సూరత్ బయట జోల్వాలో మగ్గాల షెడ్డులో దారం బాబిన్లు చుట్టే పని, అక్కడే ఉండడానికి ఒక గది దొరికాయి. పాత ఫోను పాడైపోయి కొత్త నంబరు తీసుకుంది. లింబాయత్ వదిలి వెళ్లేముందు ఫోనమ్మ గారి దగ్గరికి వచ్చి ప్రకటన పెట్టించింది. ఏం రాయమంటావు అని ఆమె అడిగితే రేణుక, “ఉంటెనే మంచిగుంటది అని రాయండమ్మా. గాయనకు ఎరుకైతది” అంది. కింద కొత్త నంబరు, పేరు, జోల్వా. ఇక వాళ్లిద్దరి మధ్య మిగిలిన దారి అదొక్కటే.

తర్వాత ఫోనమ్మ గారు పోయారు. పెద్ద జబ్బేమీ లేదు. మధ్యాహ్నం కుర్చీలో కూర్చుని, చెవికి ఫోను ఆనించుకుని ఉన్నారు. అవతల ఎవరూ లేరు. మేనల్లుడు వచ్చి గదులు ఖాళీ చేశాడు, టెలిఫోను లైను రద్దు చేయించాడు, కంప్యూటరు నాకు ఇచ్చి వెళ్లాడు. పేరు మీద అజమాయిషీ ఆమె నాకు ముందే అప్పగించి ఉన్నారు. ఆ ప్రకటనలన్నీ అద్దె సర్వరులోకి ఎక్కించి, అన్నీ సరిగ్గా ఉన్నాక పేరు తిప్పుదామని పని మొదలుపెట్టాను. అంతవరకు ఆ పేరు కొడితే ఏమీ రాదు, తెల్లగా ఉంటుంది అనుకున్నాను.

మొదట రేణుక ఫోను చేసింది. గొంతు మామూలుగా లేదు.

“అక్కా, ఫోనమ్మ పెట్టిన పేరు కొడితె ఏందో గది కనవడ్తుంది.”

“ఏం గది?”

“నాకేమెరుక. గది. కుర్సీ ఉంది. ఎవ్వలు లేరు.”

కొట్టి చూశాను. నిజమే. ఎత్తయిన కప్పు కింద పొడవాటి గది. రెండు పక్కలా గోనెల్లో కుట్టిన బట్టల మూటలు. పైన ట్యూబులైటు, పక్కన ఆగీ ఆగీ తిరిగే ఫ్యాను. మధ్యలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, వీపు మనవైపు. శబ్దం లేదు. బొమ్మ అనుకున్నాను, కానీ ఫ్యాను రెక్క కదిలింది. పైన ఎక్కడో మూల నుంచి ఎవరో చూస్తున్నట్టుంది ఆ చూపు. ఆ ఎవరో నేనే అయ్యాను.

సాయంత్రానికి సందంతా నా చుట్టూ చేరింది. అందరికంటే పెద్దది నర్సవ్వ, ఫోనుకు ముఖం ఆనించి చూసి తేల్చేసింది.

“గా కుర్సీ ఫోనమ్మదే. సచ్చినా లైన్ కట్ చెయ్యలే చూడు మహాతల్లి.”

“ఫోనమ్మది వైరుతోటి అల్లిన కుర్సీ అవ్వా. ఇది ప్లాస్టిక్‌ది” అన్నాను.

“సచ్చినోళ్లకు ఆడ ప్లాస్టిక్‌దే ఇస్తరేమో నీకెరుకనా? నువ్వు వోయి చూసొచ్చినవా?” అని, నా ఫోను ముందు ఊదుబత్తి తిప్పబోయింది. ఫోను కాలుతుందని లాక్కున్నాను. అందరూ నవ్వారు. కానీ ఎవరూ కళ్లు తిప్పలేదు. మేం నవ్వి మళ్లీ చూసేసరికి కుర్చీ కొంచెం పక్కకు జరిగి ఉంది. ఎవరు జరిపారో ఎవరూ చూడలేదు.

నాకు కారణం తెలుసు. లైను రద్దయ్యాక టెలిఫోను వాళ్లు ఆ నంబరును ఇంకెవరికో ఇచ్చారు. ఆ ఎవరికో ఒక గోదాం ఉంది, గోదాంలో కెమెరా ఉంది, దానికి పాస్‌వర్డు తాళం పెట్టడం మరిచిపోయారు. మా పేరు ఇంకా ఆ నంబరు వైపే చూపిస్తోంది. తలుపు తట్టినవాళ్లందరికీ ఆ కెమెరా తన ముందున్నదే చూపిస్తోంది. లెక్క సరిగ్గా కుదిరింది. అయినా సరే, చనిపోయిన మనిషి పెట్టిన పేరుతో పిలిస్తే ఒక ఖాళీ గది తెరుచుకోవడం, ఆ గదిలో కుర్చీ కదలడం, ఈ రెండూ లెక్కకు లొంగలేదు. ఆ వారం నేను చీర అంచు మీద రాళ్లు పెడుతూ, మధ్యలో లేచి వెళ్లి చూసి వచ్చేదాన్ని.

ఆగకూడదనుకున్నాను. ప్రకటనలు ఎక్కించడం పూర్తయింది, తిప్పడమే తరువాయి. ఆదివారం మధ్యాహ్నం షేర్ ఆటోలు మారి మారి రేణుక జోల్వా నుంచి వచ్చింది. పేరు తిప్పాక తన ప్రకటన కళ్లారా చూసుకుని వెళతానంది. నేను అద్దె సర్వరు తాలూకు కొత్త నంబరును సరిచూస్తున్నాను. ఆమె తన ఫోనులో ఆ గదినే చూస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకుంది.

గదిలోకి ఒక మనిషి వచ్చాడు. వీపు మాత్రమే కనబడుతోంది. మూటల మధ్యగా నడిచి, కుర్చీలో కూర్చున్నాడు. బొమ్మ తెగి తెగి వస్తోంది కాబట్టి నడక కాదు, ఒక్కో చోట ప్రత్యక్షమైనట్టుంది. కూర్చున్నాక కుడిచేయి తీసి ఎడమ చంకలో పెట్టుకున్నాడు.

“అక్కా, మల్లేశం.”

“ఈపు చూసి ఎట్ల చెప్తవే?”

“లగ్గమైనకాంచి గా ఈపెనకనే నడిచిన. నాకెరుక లేదా?”

ఆ మనిషి కదలలేదు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత బొమ్మ ఒకసారి తెగి వచ్చింది, కుర్చీ ఖాళీగా ఉంది.

రేణుక నా కంప్యూటరుకు అడ్డంగా నిలబడింది. “అక్కా, పేరు తిప్పకు. నీ కాల్మొక్త. తిప్పితె గా గది పోతది. గది పోతె ఆయన పోతడు. ఇన్నొద్దులకు ఒక్కపాలి కనవడ్డడు.”

“తిప్పకుంటె ఆయన గా పేరు కొట్టినా నీ మాట కనవడది రేణుకా. గదే కనవడ్తది. నువ్వు వెతుకుతున్నవని ఆయనకెట్ల తెలుస్తది?”

“తెలవకున్నా మంచిదే. నేను చూస్తుంట గదా.”

ఏ తీగ లాగినా ముందు అడుగు అన్నారు ఫోనమ్మ గారు. అటువైపు ఊపిరి ఉందని తెలిసి ఎలా లాగడం? అలాగని ఆ తీగను అలాగే ఉంచితే, అతను అటు ఊపిరిగానే ఉండిపోతాడు. లేచి స్పిరిట్ సీసా తెచ్చి కీబోర్డు తుడిచాను. ఆమె దగ్గర మిగిలిన సీసాయే అది. ఆ వాసనలో బుద్ధి కొంచెం కుదురుకుంది. పేరు వేరు, నంబరు వేరు. ఇది ఆమె నాకు చెప్పిన మొదటి పాఠం. గది ఉన్నది పేరులో కాదు, నంబరులో. పేరును ఎటు తిప్పినా ఆ నంబరు ఎక్కడికీ పోదు. నేరుగా నంబరే కొడితే గది తెరుచుకుంటుంది. కొట్టి చూపించాను. అదే గది, అదే కుర్చీ.

“నంబరు నువ్వు ఉంచుకో. పేరు ఆయన కోసం ఇడిసిపెట్టు” అన్నాను.

రేణుక కొంగుతో వేళ్లు తుడుచుకుంది. తర్వాత వేలు చాపింది. నాలుగు గుంపులనూ ఒక్కొక్కటిగా ఆమె వేలితో నొక్కించి, పైకి చెప్పించి, మళ్లీ నొక్కించాను. ఆమె వేలికి ఆ నంబరు పట్టుబడిందని నమ్మకం కుదిరాక, గడువు అంకె ముందే తగ్గించి ఉంచిన వరసను తెరిచాను. తిప్పేది ఆ ఒక్క వరసే, మిగతావి ముట్టుకోకూడదు. తెర వైపు వంగి “మాట్లాడుతున్నారా?” అని అడిగాను. రేణుక నవ్వలేదు. ఇద్దరం విన్నాం. బయట మగ్గాల చప్పుడు తప్ప ఏమీ లేదు. పాత నంబరు తీసి కొత్తది పెట్టాను.

ఆ తర్వాతి పూట గురించి చెబితే నవ్వుతారు, కానీ నర్సవ్వ ఇప్పటికీ ఆ సంగతి వస్తే మాట మారుస్తుంది. నా ఫోనులో ఆ పేరు కొడితే ప్రకటనల పేజీ వచ్చింది. నర్సవ్వ ఫోనులో అదే పేరు కొడితే గది వచ్చింది. రెండు ఫోన్లూ మంచం మీద పక్కపక్కన పెట్టాం. ఒకే పేరు, ఒకే సమయం. ఒకదాంట్లో మల్లేశం కోసం రేణుక రాయించిన మాట, ఇంకోదాంట్లో ఖాళీ కుర్చీ. అటు పాత ఇల్లు, ఇటు కొత్త ఇల్లు. రేణుక రెంటి మధ్యా కూర్చుంది, ఆ రోజు జోల్వా వెళ్లలేదు.

మర్నాడు సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే అతను మళ్లీ వచ్చాడు. నా కంప్యూటరులో నంబరు కొట్టి గదిని తెరిచి ఉంచాం. రేణుక ఫోను ఆమె ఒడిలో ఉంది. మనిషి కుర్చీలో కూర్చుని, జేబులోంచి ఫోను తీసి, తల వంచాడు. బొటనవేలితో కొడుతున్నట్టు భుజం కదిలింది. తర్వాత కదలిక ఆగిపోయింది. బొమ్మ బిగుసుకుపోయిందేమో అనుకున్నాను, కానీ ఫ్యాను తిరుగుతోంది. మనిషే బిగుసుకుపోయాడు.

ఒడిలో ఫోను మోగింది. తెలియని నంబరు. రేణుక ఎత్తి చెవికి పెట్టుకుంది. అటు మాట లేదు. ఆమె కళ్లు నావైపు తిరిగాయి. ఎవరో పొరపాటున చేసి ఉంటారు, పెట్టెయ్యమని చెప్పబోయి ఆగాను. చెవి దగ్గరగా పెట్టి విన్నాను. ఆగీ ఆగీ తిరిగే ఫ్యాను చప్పుడు. ఇన్నాళ్లూ శబ్దం లేకుండా చూసిన ఆ గది శబ్దం అది.

“తిన్నవా?” అంది రేణుక.

అటు ఊపిరి గట్టిగా లోపలికి పోయింది.

“రేణుకా” అన్నాడు. గొంతు తుప్పు పట్టినట్టుంది. “నేను కనవడ్తున్ననా?”

ఎవరైనా ఎలా ఉన్నావు అని అడుగుతారు. ఎక్కడున్నావు అని అడుగుతారు. ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో మాకు అప్పుడు తెలియలేదు.

“కనవడ్తున్నవ్” అంది రేణుక. “ఈపు కనవడ్తుంది.”

మాట అటు చేరింది. బొమ్మ కొంత ఆలస్యంగా వస్తుంది కాబట్టి కాసేపటి వరకు ఏమీ జరగలేదు. తర్వాత తెర మీద ఆ మనిషి లేచాడు. తిరిగాడు. తలెత్తి, ఆ మూల నుంచి చూస్తున్న మా కళ్లలోకి చూశాడు. గడ్డం పెరిగింది, బుగ్గలు లోపలికి పోయాయి. మల్లేశమే.

“గా కుర్సీ ఇడిసిపెట్టి రా” అంది రేణుక.

వచ్చాడు. గోదాం ఎక్కడో దూరదేశంలో లేదు, ఈ ఊళ్లోనే ఉంది. వేరే ఊళ్లో పని దొరక్క, ఫోను పోగొట్టుకుని, తిరిగి సూరత్‌కే వచ్చి కాపలా పనిలో చేరాడు. సందుకు రావడానికి మొహం చెల్లలేదు. యజమాని ఒక పాత ఫోను ఇచ్చాక, ముందు ఆ పేరు కొట్టి చూద్దామనుకున్నాడట. రేణుక తనకోసం వెతుకుతున్నట్టు ఉంటే పోదాం, లేకపోతే తాను అక్కర్లేనట్టే అనుకున్నాడు. ఇవన్నీ జోల్వాలో రేణుక గది ముందు కూర్చుని నాకు చెప్పాడు. చెబుతూ చెబుతూ కుడిచేతిని చంకలోకి దాచుకున్నాడు.

“కొట్టిన అక్కా. కొడితె గది కనవడ్డది. గదిల ఎవడో కూసున్నడు. ఈపు చూసిన, అంగీ చూసిన. నేనే. నేను తల కదిలిస్తె వాడు జరసేపటికి కదిలిస్తుండు. నాకోసం ఎవలన్న వెతుకుతున్నరా అని నేను చూస్తె, నేనే కనవడ్తున్న. నేను సచ్చిననేమో అనుకున్న.”

“గంత మాటెందుకు?”

“అంతేగదక్కా. ఫోనమ్మ సచ్చిపోయిందని ఎవలో చెప్పిరి. ఆమె చెప్పిన పేరు కొడితె నా గది వచ్చె. ఇద్దరం ఒక్క దగ్గర్నే ఉన్నమనుకున్న. ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అన్నది గదా ఇది. గట్లనే అయిందనుకున్న. రోజు కొట్టి చూస్తుంటి, నేను ఇంక కూసున్ననా లేనా అని. ఒకనాడు కొడితె నేను లేను. ఇది రాయించిన మాట ఉన్నది.”

రేణుక లోపల పొయ్యి దగ్గర ఉంది. గిన్నె చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

ఆ కెమెరాకు తాళం పెట్టించమని యజమానికి చెప్పు అన్నాను. చెప్పాడు. మరుసటిసారి ఆ నంబరు కొడితే గది రాలేదు. జాడ పేజీలో రేణుక ప్రకటనను తీసేద్దామా అని అడిగితే, మల్లేశం వద్దన్నాడు. ఉండనీ అక్కా, అప్పుడప్పుడు చూసుకుంట అన్నాడు. ఉంచాను.

ఈ పని చేయడం మొదలుపెట్టాక దుకాణాలు, టిఫిన్ సెంటర్లు, కోచింగులు, ఎందరి పేర్లో తిప్పాను. తిప్పేముందు గడువు తగ్గిస్తాను. కొత్త చోటు పలుకుతోందో లేదో ముందే నంబరుతో తట్టి చూస్తాను. ఇవి ఎవరైనా చేస్తారు. వదిలేసిన పాత నంబరు తర్వాత ఎవరి చేతికి వెళ్లింది, ఆ తలుపు ఇప్పుడు ఏ గదిలోకి తెరుచుకుంటోంది అని మాత్రం నేను కొన్నాళ్లు వెనక్కి వెళ్లి చూస్తూ ఉంటాను. అడిగినవాళ్లకు అలవాటు అని చెబుతాను.

డాక్టరు గారి క్లినిక్‌లో ఆ రోజు తెర వైపు వంగి మెల్లగా అడిగాను. ఆయన విన్నారు. “ఎవరితోనండీ?” అన్నారు. “ఎవరైనా ఉన్నారేమోనని” అన్నాను. ఆయన నవ్వబోయి, నా ముఖం చూసి, ఆగి, తానూ కొంచెంసేపు ఊరుకున్నారు. నర్సు స్పిరిట్ సీసా మూత పెట్టింది. అప్పుడు తిప్పాను.

ఫోనమ్మ గారి పాత నంబరు నా వేలికి ఇంకా గుర్తుంది. ఎప్పుడైనా పని లేని మధ్యాహ్నం కొడతాను. తెర తెల్లగా ఉండి, చిన్న చక్రం ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఖాళీ అని అనను. “మాట్లాడుతున్నారా?” అని అడిగి, ఆగి, ఆ తర్వాతే మూస్తాను.